ఒహాయోలోని క్లీవ్‌లాండ్ ఈస్ట్ సైడ్‌లో 92 వేల డాలర్లకి డ్యూప్లెక్స్, నెలకి 1,900 అద్దె అంటున్నారు. కొనచ్చా?

శ్రీను_ప్లేనో
రెండు నెలలుగా ఇదే ఆలోచన. మా ఆఫీసులో ఒకతను క్లీవ్‌లాండ్‌లో మూడు ఇళ్లు కొన్నాడు, ఒక్కోటి లక్ష డాలర్ల లోపే. మా టెక్సస్ ప్లేనోలో ఆ డబ్బు డౌన్ పేమెంట్‌కే సరిపోతుంది. అతని ద్వారా ఒక టర్న్‌కీ కంపెనీ వాళ్లు (పాత ఇల్లు బాగుచేసి, టెనెంట్‌తో సహా అమ్మేవాళ్లు) పరిచయమయ్యారు. ఇల్లు గ్లెన్‌విల్ అనే పేటలో, ఈస్ట్ 105వ వీధికి దగ్గర. 1917లో కట్టింది. పైన ఒక వాటా, కింద ఒక వాటా. ధర 92,000. చెరో 950కి టెనెంట్లు ఉన్నారట, మేనేజ్‌మెంట్ కూడా వాళ్లే చూస్తారట. "మీరు ఇల్లు చూడక్కర్లేదు, నెల తిరిగేసరికి డబ్బు అకౌంట్లో పడుతుంది" అంటున్నారు.

నా దగ్గర ఉన్నది లక్షా పది వేలు. గుంటూరు దగ్గర నాన్న అమ్మిన స్థలం డబ్బు కొంత, మేమిద్దరం ఏడేళ్లు దాచింది కొంత. క్రైమ్ మ్యాప్ తెరిస్తే ఆ చుట్టుపక్కలంతా ఎర్రగా ఉంది. మా ఆవిడ అది చూసి "మనం ఉండలేమనుకున్న చోట ఇంకొకళ్లని ఉంచి అద్దె తీసుకుందామా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అలాంటి పేటల్లో కొన్నవాళ్లు, మంచైనా చెడైనా సరే, జరిగింది జరిగినట్టు చెప్పండి.

నల్గొండ_నరేష్
కొనెయ్ అన్నా. 92కి 1,900 అంటే నెలకు రెండు శాతం. డల్లాస్‌ల ఎంత ఎతికినా అండ్ల మూడో వంతు దొరకదు. నాకు ఇండియనాపోలిస్ ఈస్ట్ సైడ్ల రెండు ఇండ్లున్నయ్, నాలుగేండ్లాయె, పైసలు మంచిగనే అస్తున్నయ్. మ్యాపు సూసి భయపడితె ఎవ్వలు ఏం కొనలేరు.

లక్ష్మి_ఎడిసన్
ఆ 950 అని చెప్పింది ఎవరు? అమ్మేవాళ్లేనా?

శ్రీను_ప్లేనో
అవునండీ, వాళ్లిచ్చిన షీట్‌లో ఉంది. ఏడాదికి అద్దె 22,800. పన్ను 1,380, ఇన్సూరెన్స్ 1,100, మేనేజ్‌మెంట్ 10 శాతం, ఖాళీగా ఉంటే అని 5 శాతం, రిపేర్లకి 5 శాతం. అన్నీ పోను 15,760 మిగులుతుందని వేశారు.

లక్ష్మి_ఎడిసన్
నీళ్ల బిల్లు ఏది అందులో?

పర్మా_రావు
లక్ష్మి గారు పట్టుకోవలసిన చోటే పట్టుకున్నారు. ఇక్కడి పైవాటా-కిందవాటా ఇళ్లని క్లీవ్‌లాండ్ డబుల్ అంటారు. చాలావాటికి రెండు వాటాలకీ కలిపి ఒకటే నీళ్ల మీటరు, బిల్లు ఓనరు పేరు మీద. ఎవరి టాయిలెట్ రాత్రంతా కారినా కట్టేది నువ్వే. కట్టకపోతే ఆ బాకీ ఆస్తి పన్నులోకి ఎక్కుతుంది.

ఇక ఆ పన్ను 1,380 అన్నది పాత లెక్క. క్లీవ్‌లాండ్ ఉండే కయహోగా కౌంటీలో 2024లో ఆస్తుల విలువలు మళ్లీ కట్టారు, కౌంటీ మొత్తం మీద సగటున 32 శాతం పెరిగాయి. ఈస్ట్ సైడ్ చవక పేటల్లో కొన్నిచోట్ల అంతకన్నా చాలా ఎక్కువ. కౌంటీ వెబ్‌సైట్‌లో పార్సిల్ నంబరు (ఆ స్థలానికి కౌంటీ ఇచ్చే నంబరు) కొట్టి ఈ ఏడాది బిల్లు నువ్వే చూసుకో తమ్ముడూ, వాళ్ల షీట్ చూడకు.

ఇంకో మాట. గ్లెన్‌విల్ అంటే సరిపోదు, వీధి పేరు చెప్పినా సరిపోదు. ఏ రెండు క్రాస్ వీధుల మధ్యో చెప్పాలి. 21 ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. అక్కడ ఒక బ్లాకులో వరండాలన్నీ ఊడ్చి, కుర్చీలు వేసి, పూలకుండీలు పెట్టి ఉంటాయి. సందు తిరిగితే వరసగా అయిదు ఇళ్లకి కిటికీల మీద చెక్కలు కొట్టి ఉంటాయి. క్రైమ్ మ్యాప్ ఈ రెంటికీ ఒకటే ఎరుపు పూస్తుంది.

చవక ఎందుకో కూడా తెలుసుకో. 1950లో ఈ ఊరి జనాభా 9 లక్షల 14 వేలు, 2020లో 3 లక్షల 72 వేలు. ఇళ్లు మిగిలాయి, మనుషులు పోయారు. 2009లో ల్యాండ్ బ్యాంక్ పెట్టిందే పాడుబడిన ఇళ్లని తీసుకుని కూలగొట్టడానికో, బాగుచేయడానికో.

మెంఫిస్_మూర్తి
నా కత చెప్తా విను శ్రీనూ. 2019లో షార్లెట్‌లో కూర్చొని మెంఫిస్‌లో రెండిండ్లు కొన్నాను. ఫ్రేజర్ అనే ఏరియా. ఒకటి 58,000, ఇంకోటి 61,000. మొదటి సంవత్సరం నెలనెలా డబ్బులు పడినాయి. మా తమ్ముడికి కూడా కొనమని చెప్పినాను.

రెండో ఏడు జూన్‌లో ఒక టెనెంట్ ఖాళీ చేసినాడు. ఆ సంగతి మేనేజరు మూడు వారాల తర్వాత చెప్పినాడు. మెంఫిస్ ఎండాకాలం, ఏసీ లేకుండా ఎవరూ ఇల్లు తీసుకోరు. ఇల్లు చూపించేదానికి పోయినప్పుడు తీసిన ఫోటో ఒకటి పంపించినాడు. ఇంటి వెనక సిమెంట్ దిమ్మె, దాని మీద నాలుగు బోల్టులు, కోసిన రెండు రాగి గొట్టాల మొనలు, ఇంకేమీ లేదు. బయట ఉండే ఏసీ యూనిట్ మొత్తం పెరుక్కుపోయినారు. 3,800 పెట్టి కొత్తది వేయించి ఇనుప బోను కట్టించినా. తొమ్మిది రోజులకి లోపలికి దూరి నీళ్ల పైపులు, కరెంటు వైరు పీకేసినారు. నీళ్లు ఆపిన నాథుడు లేడు, వంటింటి నేల అంతా ఉబ్బిపోయింది.

ఇన్సూరెన్స్ వాళ్లు ఏమన్నారో తెలుసా? పాలసీలో రాసిన రోజుల కన్నా ఎక్కువ ఖాళీగా ఉంది కాబట్టి దొంగతనానికి ఇయ్యం అన్నారు. ఆ ఇల్లు 34,000కి అమ్ముకున్నా. రెండోదాని మీద వచ్చిందంతా దీనికే పోయింది.

నల్గొండ_నరేష్
బాధయితుంది మూర్తన్నా. గని ఇది ఏరియా తప్పు కాదు, మేనేజర్ తప్పు. మంచి మేనేజర్ దొరికితె అయిపాయె.

మెంఫిస్_మూర్తి
ఆ మంచి మేనేజర్ని షార్లెట్ నుంచి ఎట్ల పట్టుకోవాలప్పా? నేను పెట్టుకున్నాయన నాతో చానా బాగా మాట్లాడేవాడు. నెలకి 58, 60 డాలర్ల కమీషన్ కోసం ఖాళీ ఇంటికి రోజూ పోయి తలుపు తట్టి చూసే మనిషి ఎవడుంటాడు చెప్పు.

వేణు_హనుమకొండ
మా దగ్గర ఓనర్ పై అంతస్తులో ఉంటడు, కింద మోటర్ ఎవరు వేయాలె అన్నదానికే రోజూ పంచాయితీ. మీరు వెయ్యి మైళ్ల అవతల నుంచి ఎట్ల నడిపిస్తరో! కాని ఒక్కటి చెప్పాలె. ఇక్కడ కోటి పెట్టి ఫ్లాట్ కొంటె 25 వేల కిరాయి వస్తే గొప్ప. ఏడాదికి మూడు శాతం. అందుకే మీవోళ్లకి ఆ రెండు శాతం నెలకు అంటె ఆశ పుడతది.

శ్రీను_ప్లేనో
వేణు గారు చెప్పినదే నా బలహీనత. ఇంకో విషయం చెప్పలేదు మీకు. పోయిన గురువారమే కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాను. వెయ్యి డాలర్లు ఎర్నెస్ట్ మనీ (బయానా) కట్టాను. పది రోజుల ఇన్‌స్పెక్షన్ గడువు ఉంది, ఇల్లు పరీక్ష చేయించి నచ్చకపోతే ఈలోపు తప్పుకోవచ్చు.

లక్ష్మి_ఎడిసన్
సంతకం పెట్టాక కొనచ్చా అని అడుగుతున్నావా? సరే, గడువులో రోజులున్నాయి కాబట్టి మించిపోయింది లేదు. ఇప్పుడే టికెట్ కొనుక్కో.

సుజాత_సౌత్‌యూక్లిడ్
ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను నర్సుని. 2012లో కాలిన్‌వుడ్ వైపు మొదటి డబుల్ 31,000కి కొన్నాను. ఇప్పుడు నాలుగున్నాయి. అన్నీ మా ఇంటికి ఇరవై నిమిషాల లోపే. నాకు ఈ ఇళ్ల మీద నిజంగానే ఆదాయం వస్తోంది, అబద్ధం చెప్పను. కానీ వచ్చే అద్దెలో వందకి 45 నుంచి 50 ఖర్చులకే పోతుంది. రిపేర్లకి 5 శాతం అన్న కాగితాన్ని నమ్మకు. వందేళ్ల చెక్క ఇల్లు తమ్ముడూ అది. మురుగు పైపు ఒక్కదానికే నాకు 7,400 అయింది. ముందు వరండా దిగబడితే 5,200.

కొనే ముందు నేను ఇంటికి మూడుసార్లు వెళ్తాను. మామూలు రోజు పొద్దున పదింటికి, శుక్రవారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం. ఉత్తరాలు పంచే ఆవిడో ఆయనో కనిపిస్తే ఆగి మాట్లాడతాను. ఏ ఇంట్లో నిజంగా మనుషులున్నారో, ఏ ఇంటికి ఉత్తరాలు వెనక్కి పోతున్నాయో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు.

మూర్తి గారికి జరిగింది ఇక్కడా జరుగుతుంది. ఈ పేటల్లో భయపడాల్సింది టెనెంట్‌కి కాదు, టెనెంట్ లేని రోజులకి. నా మొదటి ఇంట్లో కింద వాటాలో ఒక పెద్దావిడ తొమ్మిదేళ్లుగా ఉంటోంది. స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. పైవాటా రెండు వారాలు ఖాళీ పడితే తాళం అడిగి తీసుకుని రోజూ సాయంత్రం పైకెక్కి లైటు వేసి, పొద్దున్నే ఆర్పింది. మోకాళ్ల నొప్పితో! తెలియని బండి రెండుసార్లు తిరిగితే నాకు ఫోన్ చేస్తుంది. అద్దె తొమ్మిదేళ్లలో రెండే సార్లు పెంచాను, అదీ ఆవిడతో మాట్లాడాకే. జనవరిలో ఫర్నేస్ (ఇంటిని వెచ్చగా ఉంచే యంత్రం) ఆగిందని చెప్తే డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్లాను. ఇది వేరే ఊళ్లో ఉండి చేయగలవా?

ఇంకా ముఖ్యమైనది సీసం. 1978కి ముందు కట్టిన అద్దె ఇళ్లకి క్లీవ్‌లాండ్‌లో లెడ్ సేఫ్ సర్టిఫికెట్ ఉండాలి, 2019లో చట్టం చేశారు. ఆ పాత చెక్క కిటికీలు పైకీ కిందకీ జరిపినప్పుడల్లా పాత రంగు రాసుకుని పొడి రాలుతుంది. పిల్లలు పాకుతూ ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. నేను పిల్లల వార్డులో చేసినదాన్ని, ఆ రక్త పరీక్షల రిపోర్టులు నా చేత్తో తీసుకెళ్లాను. నీ ఇంటికి ఆ సర్టిఫికెట్ ఉందా అని ముందు అడుగు.

పర్మా_రావు
సుజాత గారు చెప్పిన దానికి ఇంకొకటి కలపాలి. 2024లో సిటీ ఇంకో చట్టం తెచ్చింది. ఓనరు దూరాన ఉంటే స్థానికంగా ఒక మనిషిని బాధ్యుడిగా పేరు పెట్టి చూపించాలి. పోస్ట్ బాక్స్ చూపిస్తే కుదరదు. అది ఊరికే రాలేదు. ఇక్కడ హౌసింగ్ కేసులకి 1980 నుంచి ప్రత్యేక కోర్టు ఉంది. 1996 నుంచి 2017లో చనిపోయేదాకా రేమండ్ పియాంకా అనే జడ్జి ఉండేవారు. బయటి రాష్ట్రాల కంపెనీలు కోర్టుకి రాకపోతే వాళ్లు లేకుండానే విచారణ జరిపి భారీగా జరిమానాలు వేసేవారు. కంపెనీ పేరు వెనక దాక్కుంటే చాలు అనుకునే వాళ్లకి ఈ ఊరు మంచిది కాదు.

కిరణ్_ఇర్వింగ్
సెక్షన్ ఎయిట్ (తక్కువ ఆదాయం వాళ్లకి అద్దె సాయం చేసే వోచర్ పథకం) టెనెంట్‌ని పెట్టుకుంటే గవర్నమెంటే అద్దె ఇస్తుంది కదా. గ్యారంటీ. ఇంక గొడవేముంది?

సుజాత_సౌత్‌యూక్లిడ్
@కిరణ్ నాకు ఎనిమిది వాటాల్లో మూడు వోచర్ మీదే ఉన్నాయి, నాకు ఇష్టం కూడా. వాళ్ల ఆదాయంలో దాదాపు 30 శాతం వాళ్లు కడతారు, మిగతాది హౌసింగ్ అథారిటీ నేరుగా వేస్తుంది. కానీ ఊరికే రాదు. ముందు ఇన్‌స్పెక్షన్, తర్వాత కూడా ఇన్‌స్పెక్షన్లు. ఒకసారి స్విచ్ బోర్డు మీద కవరు విరిగి ఉందని, మెట్లకి పట్టుకునే రెయిలింగ్ ఊగుతోందని ఫెయిల్ చేశారు. గడువులో సరిచేయకపోతే అద్దె ఆపేస్తారు, ఆపిన నెలలకి మళ్లీ ఇవ్వరు. టెనెంట్ దగ్గర చేతి కింద అదనంగా తీసుకోవడం నేరం. ఇల్లు బాగుంచేవాడికి అది గ్యారంటీ, ఉంచనివాడికి కాదు.

సత్య_ఫీనిక్స్
మీరెన్ని చెప్పినా ఆ ఏరియాల్లో జనం అంతే. ఇల్లు ఇస్తే పాడు చేస్తారు. నేనైతే దూరంగా ఉంటా.

సుజాత_సౌత్‌యూక్లిడ్
@సత్య "జనం అంతే" అనకండి. పదమూడేళ్లలో నా ఇల్లు అందరికన్నా ఎక్కువ పాడుచేసి వెళ్లినతను పెద్ద హాస్పిటల్లో మంచి జీతం ఉన్నవాడు. పైన చెప్పిన బస్సు ఆవిడ ఆ జనంలోనే ఉంది. నేను అందరికీ ఒకే కాగితం ఇస్తాను, ఆదాయం ఇంత ఉండాలి, గతంలో ఇవి ఉండకూడదు అని. ప్రస్తుత ఓనరుకి కాదు, అంతకు ముందు ఓనరుకి ఫోన్ చేస్తాను. ప్రస్తుత ఓనరు పంపించేయడానికి మంచిమాటలే చెప్తాడు. మనిషి రంగునో పేరునో బట్టి వద్దంటే 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది, గుర్తుంచుకోండి.

పర్మా_రావు
సత్య గారూ, ఆ పేటలు అలా ఎందుకయ్యాయో కూడా చూడాలి. 1930లలో ఫెడరల్ గవర్నమెంట్ వాళ్ల హోం ఓనర్స్ లోన్ కార్పొరేషన్ మ్యాపులు గీసింది. నల్లవాళ్లు ఉండే చోట్లకి ఎర్ర రంగు వేశారు. అంటే అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదం అని. ఈస్ట్ సైడ్‌లో చాలా భాగం ఆ ఎరుపులోనే ఉంది. తాత ఇల్లు కొనుక్కోలేకపోతే మనవడికి ఏం మిగులుతుంది? తర్వాత ఫ్యాక్టరీలు పోయాయి. తర్వాత దొంగ లోన్లు వచ్చాయి. 2007లో ఒక దశలో దేశం మొత్తం మీద ఎక్కువ ఫోర్‌క్లోజర్లు (అప్పు కట్టలేదని బ్యాంకు ఇల్లు లాక్కోవడం) మా స్లావిక్ విలేజ్ పేట జిప్ కోడ్ 44105లోనే. బ్యాంకులు ఆ ఇళ్లని కొన్ని వేలకి గుత్తగా అమ్మేస్తే, ఎక్కడెక్కడి వాళ్లో చూడకుండా కొని వదిలేశారు. ఇంటి కప్పు కారి, ఒక ఇల్లు పాడై, పక్కిల్లు పాడైంది. శ్రీనూ, నిన్ను కొనమని అడుగుతున్నవాళ్లు నిన్ను కూడా ఆ వరసలో నిలబెట్టాలని చూస్తున్నారు. అందుకే ఇంత రాస్తున్నాను.

ట్యాక్స్_బాలు
పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. "డిప్రిసియేషన్‌తో జీతం మీద పన్ను తగ్గుతుంది" అని ఈ టర్న్‌కీ వాళ్లు చెప్పి ఉంటారు. ఇంటి విలువని, స్థలం తీసేసి, 27.5 ఏళ్లకి పంచి ఖర్చుగా రాసుకోవడం నిజమే. కానీ అద్దె నష్టం జీతంలోంచి తీసేసుకోవడానికి 25,000 దాకా ఉన్న వెసులుబాటు, ఆదాయం లక్ష దాటితే తగ్గుతూ లక్షన్నర దగ్గర సున్నా అవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటారు. నష్టం పోదు, రాబోయే సంవత్సరాలకి వెళ్తుంది, అమ్మినప్పుడు పనికొస్తుంది. ఈ ఏడాది రిఫండ్ వస్తుందనుకుంటే రాదు.

హెచ్‌వన్‌బీ అయితే ఇల్లు కొనుక్కుని అద్దె తీసుకోవచ్చు. నువ్వే పూర్తిగా వ్యాపారంలా నడిపేట్టయితే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడుగు. తిరిగి ఇండియా వెళ్లిపోయాక నాన్‌రెసిడెంట్‌గా అమ్మితే అమ్మకం ధరలో 15 శాతం ముందే పట్టుకుంటారు, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు అమ్మకం అప్పటిదాకా వాయిదా వేయకండి.

ట్రాయ్_చంద్ర
డెట్రాయిట్ వైపు చూస్తున్నవాళ్లకి ఒక మాట. మిషిగన్‌లో ఒకే ఓనరు ఉన్నంతకాలం పన్ను విలువ ఏడాదికి 5 శాతమో ద్రవ్యోల్బణమో, ఏది తక్కువైతే అంతే పెరుగుతుంది. ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది ఆ మూత తీసేస్తారు. ఇరవై ఏళ్ల నుంచి ఉన్న ముసలాయన కట్టే పన్ను చూసి లెక్కలేసుకుని కొన్నా. తర్వాత ఏడాది బిల్లు రెండింతలు దాటింది. సొంతంగా ఉండం కాబట్టి స్కూల్ పన్ను 18 మిల్లులు (వెయ్యి డాలర్ల పన్ను విలువకి 18 డాలర్లు) అదనం.

కిరణ్_ఇర్వింగ్
లోన్ మీద కొంటే?

ట్రాయ్_చంద్ర
ఇంత చిన్న ఇంటికి లోన్ దొరకడమే కష్టం. చాలామంది లెండర్లకి కనీస మొత్తం ఉంటుంది. అందుకే ఈ ఇళ్లని నగదుతో కొనేవాళ్లనే వెతుకుతారు. నగదు అయితే బ్యాంక్ అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం) ఉండదు, ఆ ధర నిజమా అని అడిగేవాళ్లు ఉండరు.

నల్గొండ_నరేష్
ఇది మాత్రం కరెక్ట్ పాయింట్. నేను కొన్నప్పుడు నా సొంత పైసలతోని అప్రైజల్ చేయించిన. అడిగినదానికన్న 9 వేలు తక్కువ అచ్చింది, అదే ధరకు కొన్న. శ్రీనన్నా, నువ్వు పోయి సూసి రా. నేను కొనమన్న గని సూడకుంట కొనమనలే.

శ్రీను_ప్లేనో
శుక్రవారం సెలవు పెట్టి వెళ్లొచ్చాను. రావు గారు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చారు, సుజాత గారు శనివారం పొద్దున్నే చేరారు. ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. మొత్తం రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

శుక్రవారం రాత్రి ఆ వీధిలో కారు ఆపుకుని గంట కూర్చున్నాం. నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. ఎదురింటాయన కుక్కని తిప్పుతూ వచ్చి అద్దం తట్టి ఎవరు కావాలని అడిగాడు. చెప్పాం. "ఆ ఇంటికి నాలుగేళ్లలో మీరు మూడో ఓనరు అవుతారు" అన్నాడు. మ్యాప్‌లో అది లేదు.

శనివారం ఇన్‌స్పెక్టర్ మురుగు పైపులోకి కెమెరా దింపాడు. ముందున్న మేపుల్ చెట్టు వేళ్లు మట్టి పైపు కీళ్లలోంచి దూరి జడలా అల్లుకుని ఉన్నాయి. 8,000 అంచనా. కింద వాటాలో కుర్రాడి లీజు అయిదు వారాల కిందటిది. లీజులో 950 అనే ఉంది. "నువ్వు కడుతున్నావా" అని అడిగితే "మొదటి రెండు నెలలూ ఫ్రీ అన్నారు, అందుకే వచ్చాను" అన్నాడు. కాగితం మీద అద్దె చూపించడానికే అతన్ని తెచ్చారని అప్పుడు అర్థమైంది.

పైవాటాలో ఒకావిడ, మూడేళ్ల మనవడు. తలుపు తీయగానే వంటింట్లోంచి వేడి కొట్టింది. ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి పెట్టుంది, దానికి అడ్డంగా కుర్చీ, పిల్లాడు వెళ్లకుండా. పై ఫర్నేస్ మూడు వారాలుగా పనిచేయడం లేదట. నవంబరు చలి, బయట కాసేపు నిలబడితే నాకు వేళ్లు కొంకర్లు పోయాయి. కిటికీ దగ్గర సుజాత గారు వేలితో గడప తుడిచి చూపించారు, తెల్లటి పొడి. సర్టిఫికెట్ అడిగితే కంపెనీ వాళ్లు "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. అద్దె 950 కాదు, 700. మనీ ఆర్డర్ రసీదులన్నీ నీలం రంగు బిస్కెట్ డబ్బాలో నెలవారీగా రబ్బర్ బ్యాండ్ వేసి దాచింది. మా అమ్మ సూదీ దారం పెట్టుకునే డబ్బా లాంటిదే అది. ఒక్క నెల కూడా బాకీ లేదు.

రాత్రి రావు గారింట్లో మళ్లీ లెక్క వేశాం. పైన 700, కింద ఇంకొకరొస్తే 850 అనుకుంటే ఏడాదికి 18,600. ఈ ఏడాది పన్ను 2,500, ఇన్సూరెన్స్ 1,900, నీళ్లు 2,000, మేనేజ్‌మెంట్ 1,860, కొత్త టెనెంట్‌ని తెచ్చినందుకు 850, రిపేర్లకి 2,800, ఖాళీకి 1,500. మిగిలేది 5,190. పైప్, ఫర్నేస్, కిటికీల పని కలిపి కొనగానే పెట్టాల్సింది 18,500. అంటే మూడున్నర ఏళ్ల దాకా నాకు ఒక్క డాలరు రాదు, ఈలోపు ఇంకేదీ పాడవకపోతేనే.

ఆదివారం పొద్దున కాంట్రాక్ట్ రద్దు చేస్తున్నట్టు మెయిల్ పెట్టాను. వెయ్యి వెనక్కి ఇస్తామన్నారు.

లక్ష్మి_ఎడిసన్
చేతికొచ్చేదాకా వదలకు, ఆ డబ్బు పట్టుకుని ఉన్న ఎస్క్రో వాళ్లకి నువ్వే రాయి.

మెంఫిస్_మూర్తి
బతికినావు శ్రీనూ. నాకు 2019లో ఈ రావు గారు, సుజాతమ్మ దొరికుంటే బాగుండు.

నల్గొండ_నరేష్
మంచి పని చేసినవ్. నేను ఇప్పటికీ ఈ ఏరియాలు వద్దని చెప్ప, ఈ ఇల్లు వద్దు. నా ఇండ్ల దగ్గర మా బామ్మర్ది ఉంటడు, వారానికోసారి పోయి అస్తడు. అది నేను ముందుగాల చెప్పకపోవుడు తప్పే.

వేణు_హనుమకొండ
బామ్మర్ది సంగతి ఇప్పుడా చెప్పేది నరేషన్నా! ఆ రెండు శాతంలో సగం ఆయనదే.

శ్రీను_ప్లేనో
సుజాత గారూ, ఆ పైవాటా ఆవిడ గుర్తొస్తూనే ఉంది. నేను కొనకపోతే ఇంకొకరు చూడకుండా కొంటారు. ఆ ఫర్నేస్ అలాగే ఉంటుంది కదా. బయటివాణ్ణి నేనేం చేయగలను?

సుజాత_సౌత్‌యూక్లిడ్
చేయచ్చు. ఒహాయోలో టెనెంట్ అద్దె బాకీ లేకుండా ఉంటే, పాడైందేమిటో ఓనరుకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. న్యాయమైన గడువులో, ఎక్కువలో ఎక్కువ 30 రోజుల్లో, బాగుచేయకపోతే అద్దె ఓనరుకి కాకుండా కోర్టు క్లర్క్ దగ్గర కట్టచ్చు. చలికాలంలో హీటింగ్‌కి 30 రోజులు ఆగాలని ఎవరూ అనరు. ఆవిడ ఆ డబ్బాలో దాచిన రసీదులే ఆవిడ బలం. అద్దె ఇవ్వడం మాత్రం ఊరికే ఆపేయకూడదు, అప్పుడు ఖాళీ చేయమని మూడు రోజుల నోటీసు తలుపుకి అంటించి కోర్టుకెళ్తారు. మీరు అక్కడున్నప్పుడే నా నంబరు ఆవిడకిచ్చాను. లీగల్ ఎయిడ్ వాళ్లది కూడా ఇస్తాను. రేపు నాకు సెలవు.

పర్మా_రావు
సుజాత గారూ, మా ఇంట్లో లోపల నూనె నింపి ఉండే ఎలక్ట్రిక్ హీటర్లు రెండున్నాయి, వాడటం లేదు. దార్లో ఆగి తీసుకెళ్లండి. ఆ ఓవెన్ ఆర్పించాలి ముందు.

శ్రీను_ప్లేనో
లెటర్ నేను టైప్ చేసి పంపనా? ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్‌లో ఫర్నేస్ ఫోటోలు నా దగ్గరున్నాయి, డబ్బు కట్టింది నేనే కాబట్టి ఆవిడకి ఇవ్వచ్చు అనుకుంటా.

సుజాత_సౌత్‌యూక్లిడ్
పంపు. ఫోటోలు కూడా.

సుజాత_సౌత్‌యూక్లిడ్
ఇప్పుడే వచ్చాను. హీటర్లు రెండూ వేరు వేరు గదుల్లో పెట్టాం, రెండూ ఒకే లైను మీద పడకుండా. ఓవెన్ ఆర్పేసింది. లెటర్ మీద ఆవిడ సంతకం పెట్టింది, పోస్టాఫీసుకి నాతోపాటే వచ్చి సర్టిఫైడ్ మెయిల్‌లో వేసింది. ఆ రసీదు కూడా బిస్కెట్ డబ్బాలోకే వెళ్లింది.